‘అసలు ఎన్నేళ్లు?’ అన్న నాన్నకి ఏం చెప్పాలి?

సమస్య: మేం విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉంటాం. నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగి, ఇంకో 14 నెలల్లో రిటైరవుతారు. నాకు 26 ఏళ్లు. మెడికల్ అనాటమీలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లుగా ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీలో ట్యూటర్‌గా చేస్తున్నాను. డిసెక్షన్ హాల్లో మొదటిసారి మెదడును చేతిలో పెట్టినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! ఆ క్లాసు కోసం వారం ముందు నుంచే తయారవుతాను. న్యూరోబయాలజీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా సీనియర్ ఒకామె అమెరికా వెళ్లింది. ఇంట్లో చెప్తే నాన్న ‘ఎంబీబీఎస్ కాని డాక్టరు ఎందుకమ్మా, ఇంజెక్షన్ కూడా చెయ్యకూడదు కదా? అసలు ఎన్నేళ్లు?’ అన్నారు. అనకాపల్లి నుంచి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడే. చదువు మాట ఎత్తితే మాత్రం వాళ్లు ‘తర్వాత చూద్దాంలే’ అంటున్నారు. మూడు నెలలుగా నాన్నతో సరిగా మాటల్లేవు. రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టదు. నాన్నను ఎలా ఒప్పించాలి?
– ఓ సోదరి, విశాఖపట్నం

సలహా: నాన్నగారు రెండు మాటలన్నారు. ఇంజెక్షన్ మాట మీకు ముల్లులా గుచ్చుకుంది, దాని వెనకే అడిగిన ‘ఎన్నేళ్లు?’ని వదిలేశారు. ఆయన్ని కలవరపెడుతున్నది ఆ రెండోదే. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. ఉద్యోగంలో ఉండగానే, నలుగురూ చుట్టూ ఉండగానే పిల్ల పెళ్లి అయిపోవాలన్నది క్వార్టర్స్‌లో ఏ ఇంట్లోనైనా వినపడే మాటే. ఆయన చేతిలో 14 నెలల లెక్క ఉంది, మీ చేతిలో ఏ లెక్కా లేదు. ఒప్పించడం సంగతి తర్వాత, ముందు ఆయన అడిగినదానికి జవాబు చెప్పే స్థితిలో మీరు ఉండాలి. ఇప్పటికైతే లేరు. ఎందుకంటే మీ ఉత్తరంలో ఉన్నవి రెండు వేర్వేరు కోరికలు. రెంటినీ కలిపి ‘న్యూరోబయాలజీ’ అని ఒకే పేరు పెట్టుకున్నారు.

ఒకటి, మెడికల్ కాలేజీలో అనాటమీ పాఠం చెప్పే ఉద్యోగంలో పైకి వెళ్లడం. రెండోది, ల్యాబ్‌లో నాడీకణాల మీద పరిశోధన. దేని దారి దానిదే. మెడికల్ కాలేజీ బోధకుల అర్హతల నియమావళి ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చింది మెడికల్ అనాటమీలో ఎమ్మెస్సీ, మళ్లీ అదే సబ్జెక్టులో పీహెచ్‌డీ. సైన్స్ ఫ్యాకల్టీ కింద ‘న్యూరోసైన్స్’ అని పట్టా తెచ్చుకుంటే, ఎంత గొప్ప పరిశోధన చేసినా, అనాటమీ పోస్టు ఇంటర్వ్యూలో ఆ పేరు దగ్గరే మీ దరఖాస్తు ఆగిపోవచ్చు. అందుకే రిజిస్టరయ్యే ముందే పట్టా మీద ఏ సబ్జెక్టు పేరు పడుతుందో, ఏ ఫ్యాకల్టీ ఇస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఎంబీబీఎస్ లేని బోధకులకు అనాటమీలో ఒకప్పుడు 30 శాతం దాకా చోటుండేది. 2020లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని 15 శాతానికి కుదించింది. ఆ తర్వాత కూడా నియమాలు మారాయి. మీ కాలేజీలో పాతవాళ్లు చెప్పే లెక్కను నమ్మకుండా, తాజా నోటిఫికేషన్‌ను కమిషన్ వెబ్‌సైట్‌లో మీరే చదవండి. ‘ఎంబీబీఎస్ కాని డాక్టరు ఎందుకు’ అన్న నాన్నగారి మాట మొరటుగా ఉంది గానీ, దాని వెనక ఉన్న ఉద్యోగ భయం ఉత్తది కాదు.

రెండు దారుల్లో రోజువారీ పని ఎలా ఉంటుందో చూస్తే మీకే కొంత తేలుతుంది.

న్యూరోబయాలజీ ల్యాబ్ అంటే చాలాచోట్ల ఎలుకలు. ఎలుకకు మత్తిచ్చి, ఛాతీ తెరిచి, గుండె ఎడమ జఠరికలోకి సూది దించి, కుడి కర్ణికకు చిన్న గాటు పెట్టి ముందు సెలైన్ ఎక్కిస్తారు. కాలేయం ఎర్రరంగు పోయి పాలిపోతే రక్తం కడుక్కుపోయినట్టు. అప్పుడు మెదడును గట్టిపరిచే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్. సూది రవ్వంత పక్కకు పోయి గోడ దాటి కుడి జఠరికలోకి దిగితే ఊపిరితిత్తులు ఉబ్బి, ముక్కులోంచి నీళ్లు కారతాయి. ఆ మెదడు ఇక సరిగా గట్టిపడదు. బాగా వచ్చిన మెదడును 30 శాతం చక్కెర ద్రావణంలో వేసి, అది అడుక్కి మునిగేదాకా రెండు మూడు రోజులు ఆగాలి. ఆగలేక తేలుతుండగానే తీసి గడ్డకట్టిస్తే లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి, 40 మైక్రాన్ల ముక్క కోసేసరికి జల్లెడలా కనపడుతుంది. అప్పటికే ఆ ఎలుకకు వారాల తరబడి మందిచ్చి, నీటి తొట్టెలో దాని జ్ఞాపకశక్తి పరీక్షించి ఉంటారు. ఒక్క రోజు తొందరతో అదంతా పోతుంది. మళ్లీ ఎలుకలు కావాలంటే జంతు నైతిక కమిటీ అనుమతి లెక్కలో మిగిలి ఉండాలి. లేకపోతే కొత్తగా పెట్టుకోవాలి, ఆ కమిటీ ప్రతి నెలా కూర్చోదు. పీహెచ్‌డీలో ఏళ్లు ఎక్కడ కరిగిపోతాయని నాన్నగారు అడిగితే ఇదే చెప్పండి.

అనాటమీ విభాగంలో మెదడు మీద పీహెచ్‌డీ వేరుగా ఉంటుంది. మీకు తెలిసిన ప్రపంచమే. ఉదాహరణకి, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జోసెఫ్ క్లింగ్లర్ 1930లలో రూపొందించిన, మెదడులోని తెల్లనారల కట్టలను విడదీసి చూపే విచ్ఛేదన పద్ధతి ఇప్పటికీ న్యూరోసర్జన్లకు పనికొస్తోంది. మెదడును అడుగున చదునైపోకుండా దాని అడుగు భాగంలో ఉండే బేసిలార్ ధమని కింద దారం కట్టి, 10 శాతం ఫార్మలిన్‌లో తలకిందులుగా వేలాడదీసి కొన్ని వారాలు ఉంచాలి. తర్వాత పై పొరలు, రక్తనాళాలు ఒలిచి, ఫ్రీజర్‌లో సున్నాకు పది పదిహేను డిగ్రీల దిగువన వారం పది రోజులు. నారల మధ్య ఫార్మలిన్ నీరు గడ్డకట్టి వాటిని విడదీస్తుంది. కరిగాక చెక్క పుల్లతో ఒక్కో కట్టనూ ఒలుచుకుంటూ పోవచ్చు. ఎలుక ముక్కను పాడుచేసిన మంచే ఇక్కడ పనిమంతురాలు! లక్షల రూపాయల యంత్రం అక్కర్లేదు, ఓపిక, చేతివాటం కావాలి. తేడా కొట్టేది ఇక్కడ మెదళ్ల సంఖ్య దగ్గర. సినాప్సిస్‌లో (ముందుగా ఇచ్చే పరిశోధన ప్రణాళికలో) 60 అర్ధగోళాలు అని రాయడం తేలికే. అంటే 30 మెదళ్లు. మీ విభాగానికి ఏటా ఆరో ఏడో కేడవర్లు (పాఠానికి వాడే మృతదేహాలు) వస్తే, అందులో కొన్ని తలలు ఫస్టియర్ పిల్లల డిసెక్షన్‌కే పోతే, ఐదేళ్లకు పైగా ఏరడానికే పోతాయి. పైగా దేహానికి ఎంబామింగ్ (చెడిపోకుండా మందు ఎక్కించడం) ఆలస్యమైతే మెదడు మెత్తబడి చేతికి రాదు. గత మూడేళ్ల కేడవర్ రిజిస్టర్ చూసి, ఆ తర్వాతే సంఖ్య రాయండి.

నిర్ణయం మీది. మీ ఉత్తరం చదివినవాళ్లకు అనిపించేది ఒకటుంది. డిసెక్షన్ హాల్ గురించి మీరు రాసిన తీరు వేరు, అమెరికా గురించి రాసిన తీరు వేరు. అది మీ సీనియర్ సంగతిలా ఉంది. అయినా అనుమానం మిగిలితే సెలవుల్లో ఏదైనా న్యూరో ల్యాబ్‌లో ఓ నెల కూర్చుని క్రయోస్టాట్ (గడ్డకట్టిన మెదడును పల్చగా కోసే యంత్రం) మీద ముక్కలు కోసి చూడండి. నాలుగో రోజుకి విసుగొచ్చిందా, ఇంకా కోయాలనిపించిందా అన్నది ఏ కౌన్సెలరూ చెప్పలేనిది.

ఏ దారైనా టాపిక్ కంటే ముందు గైడ్‌ను ఎంచుకోండి. యూజీసీ 2022 నియమాల ప్రకారం రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు ఉన్నవారు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. ప్రొఫెసర్ ఒక సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. ఖాళీ ఉందని నోటిమాటగా చెప్పినా యూనివర్సిటీ జాబితాలో సరిచూడండి. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆ గైడ్ పేరు కొడితే ఆయన దగ్గర పూర్తయిన థీసిస్‌లు కనిపిస్తాయి. ఆ స్కాలర్లలో ఒకరిద్దరిని పట్టుకుని ‘ఎప్పుడు చేరారు, ఎప్పుడు సమర్పించారు, మధ్యలో ఎందుకు ఆగింది’ అని ఫోన్‌లో అడగండి. పావుగంట పని, ఏళ్లు కలిసొస్తాయి.

ఇక కాలం, డబ్బు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పొడిగింపు రెండేళ్లు, మహిళలకు దానిపైన ఇంకో రెండేళ్లు. మొత్తం వ్యవధిలో 240 రోజుల దాకా ప్రసూతి సెలవు. పని లెక్కకు ఐదేళ్లు అనుకోండి. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. దానికి కాలేజీ ఇచ్చే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్‌లో, మీ డ్యూటీలో పరిశోధనకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తామని ఉండాలి. ‘మాకు అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఫుల్‌టైమ్ అయితే సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. వయసు గురించి కంగారు వద్దు. జేఆర్‌ఎఫ్‌కు పరిమితి 30 ఏళ్లు, మహిళలకు ఐదేళ్ల సడలింపు. లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. అందులో సగం సి–పార్టుదే, 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోటి నాలుగు మార్కులు, తప్పుకు పావు వంతు కోత. అనాటమీ వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మెదడు మీద వచ్చేది తక్కువ, మాలిక్యులర్ బయాలజీ, జెనెటిక్స్ ఎక్కువ. సిలబస్ మొత్తం మీద పడకుండా ఐదారు యూనిట్లు లోతుగా చదవండి. ఫెలోషిప్ మాత్రం జీతంలా ఒకటో తారీఖున పడుతుందనుకోవద్దు. నెలల ఆలస్యం మామూలే కాబట్టి ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకుని చేరండి.

అమెరికా సంగతి క్లుప్తంగా: అక్కడ ఈ రంగంలో పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, పైగా స్టైపెండ్ ఇస్తారు. పొలం అమ్మక్కర్లేదు. అప్పు చేసి వెళ్లే ఎమ్మెస్ వేరు, ఇది వేరు. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. ఐదారేళ్లు పడుతుంది. తిరిగొచ్చాక పట్టా పేరు సమస్య మాత్రం అక్కడినుంచీ మీ వెంటే వస్తుంది.

నిద్ర విషయం పక్కన పెట్టకండి. మూడు నెలలంటే తక్కువ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నేరుగా వెళ్లాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏడుపు, ఆకలి లేకపోవడం, ఏ పనీ చేయాలనిపించకపోవడం కూడా తోడైతే ఈ వారమే వెళ్లండి. నెట్ చదువు ఆ తర్వాతే మొదలెట్టండి.

నాన్నగారితో మాట్లాడేది ఆయన సీ–షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చినప్పుడు మాత్రం కాదు. వారాంతపు సెలవు రోజున, టిఫిన్ అయ్యాక, ఒక్క కాగితంతో కూర్చోండి. అందులో ఉండాల్సినవి: ఏ ఊరు, ఏ గైడ్, ఏ నెలలో ప్రవేశం, నెలకు వచ్చేదెంత, పోయేదెంత, ఐదో ఏట ఏ పోస్టుకు అర్హత వస్తుంది. రిటైర్మెంట్ డబ్బులోంచి ఒక్క రూపాయీ అడగడం లేదని పైనే రాయండి. కాగితం ఇచ్చి ‘ఇందులో మీకు ఎక్కడ అనుమానంగా ఉంది నాన్నా?’ అని అడగండి. ఏళ్ల తరబడి ప్లాంట్‌లో షట్‌డౌన్ షెడ్యూళ్లు చూసిన మనిషి, తప్పు ఎక్కడుందో మీకంటే ముందే పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి. ఇంజెక్షన్ మాట మళ్లీ వస్తే నవ్వేసి, ఇంజెక్షన్ చేసే డాక్టర్లకు ఫస్టియర్‌లో అనాటమీ పాఠం చెప్పేది మీ అమ్మాయేనని గుర్తుచేయండి.

సంబంధం విషయానికొస్తే, పెద్దవాళ్ల ‘తర్వాత చూద్దాంలే’ అంటే ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. నిశ్చితార్థానికి ముందే, మీ అమ్మగారి ఎదుటే, అబ్బాయినే అడగండి. ‘చదువుకోనిస్తారా?’ అని అడగొద్దు, దానికి ఎవరైనా సరేననేస్తారు. ‘రెండో ఏడు నేను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండాల్సి వస్తే మనిద్దరం ఎక్కడుంటాం? పిల్లల్ని ఎప్పుడనుకుంటున్నాం?’ అని అడగండి. పిల్లల మాట ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు ఫార్మలిన్ ఆవిర్లకు, మత్తు వాయువులకు దూరంగా ఉండాలి. ఆ నెలల్లో డిసెక్షన్, పర్‌ఫ్యూజన్ (ఎలుక గుండెలోంచి ద్రావణం ఎక్కించడం) పనులు మానేసి, మైక్రోస్కోప్ లెక్కింపు, రాతపని పెట్టుకునేలా గైడ్‌తో ముందే అనుకోవాలి. అబ్బాయి ఈ ప్రశ్నలకు ఆలోచించి చెప్తానని రెండు రోజులు గడువడిగితే ఇవ్వండి. మళ్లీ ‘తర్వాత చూద్దాం’ అనే అంటే, ముహూర్తం పెట్టొద్దని నాన్నగారికి ఆ రాత్రే చెప్పండి.