సమాధానం: రాత్రి రెండైనా నిద్ర పట్టదు, పుస్తకం తెరిస్తే దడ

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి గ్రూప్స్ పరీక్షల భయం కన్నా పొద్దున పదింటిదాకా పడుకోవడమే నీ నిద్రను చెడగొడుతున్నట్టుంది. రాత్రి ఏడు తర్వాత తాగే రెండు టీలు దానికి తోడు.

1. మధ్యాహ్నం రెండు దాటితే టీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: ఎప్పుడు పడుకున్నా లేచే టైం మార్చొద్దు. మూడింటికి నిద్ర పట్టినా ఆరింటికి లేవాల్సిందే, ఆదివారమైనా సరే. లేచి అలిపిరి వైపు ఎండలో అరగంట నడువు. మొదటి వారం చుక్కలు కనిపిస్తాయి, నాకూ కనిపించాయి.

3. 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగు. ఫోన్ ముట్టుకోవద్దు.

రెండు వారాలకీ దడ తగ్గకపోతే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకో. బతకాలనిపించకపోతే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.