హెడ్‌ఫోన్‌లో పలికే హార్మోనియం స్పీకర్లలో ఎందుకు పలకదు?

మీ ప్రశ్న: పాత అనలాగ్ మిక్సర్‌లో ఒక ఛానెల్‌కి పీఎఫ్ఎల్ (ఆ ఒక్క ఛానెల్‌ని హెడ్‌ఫోన్‌లో వినిపించే బటన్) నొక్కితే హెడ్‌ఫోన్‌లో శుభ్రంగా వినిపిస్తోంది, మెయిన్ అవుట్‌కి మాత్రం రావడం లేదు. మెకానిక్ కెపాసిటర్లన్నీ మార్చాలంటున్నాడు. మార్పించాలా, లేక అమ్మేసి డిజిటల్ మిక్సర్ కొనుక్కోవాలా?

మార్పించకండి. అమ్మకండి. అసలు ఇప్పుడే బోర్డు విప్పకండి. నూటికి తొంభై పాళ్ళు మీ జబ్బు ఏదో ఒక స్విచ్చిలోనో జాక్‌లోనో పట్టిన చిలుము. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే జబ్బు ఒక జాతర రాత్రి ఊరంతటి ముందూ నన్ను ఇరవై నిమిషాలు నిలబెట్టేసింది.

నేను విజయనగరంలో సౌండ్ సర్వీసు నడుపుతున్నాను. మా నాన్న రోజుల్లో మైకుసెట్టు అనేవారు, నాకు ఇప్పటికీ ఆ మాటే ఇష్టం. నా దగ్గరున్న కన్సోల్, అంటే పెద్ద మిక్సర్, 1980ల నాటి ఇంగ్లాండు సరుకు. 24 ఛానెళ్ళు, 8 గ్రూపులు (కొన్ని ఛానెళ్ళని ఒక్కచోట కలిపే దారులు), ఎత్తాలంటే నలుగురు కావాలి. మద్రాసులో మూతపడిన ఒక రికార్డింగ్ థియేటర్ నుంచి మా మావయ్య బేరమాడి లారీ మీద తెప్పించాడు. ఆయన వాల్వు రేడియోల కాలం నాటి మెకానిక్. నాకు పని నేర్పింది ఆయనే. నాకు పిల్లలు పుట్టాక కూడా నన్ను గుంటడా అనే పిలుస్తాడు.

2017 వేసవి. చీపురుపల్లి దాటాక రాజాం వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో అమ్మవారి పండగ. రాత్రి పదింటికి పౌరాణిక నాటకం. వేషధారుల కోసం స్టేజి మీద నాలుగు మైకులు వేలాడదీశాను, వాటిని నేరుగా మిక్స్‌కి, అంటే మెయిన్ అవుట్‌కి పంపాను. హార్మోనియానికీ డోలక్‌కీ విడిగా మైకులు పెట్టి, రెండు ఛానెళ్ళలోనూ 3-4 బటన్ నొక్కి, పాన్ (ధ్వనిని ఎడమకో కుడికో పంపే నాబ్) పూర్తిగా ఎడమకి తిప్పి గ్రూపు 3కి పంపాను. వేషధారి పద్యం ఎత్తుకోగానే వాద్యాలన్నిటినీ ఒక్క ఫేడర్‌తో (శబ్దాన్ని పెంచి దించే జారుడు మీటతో) కాస్త దించుకోవచ్చని అలా చేస్తాను. సాయంత్రం సౌండ్ చెక్‌లో అంతా బాగానే ఉంది.

కృష్ణుడు వేషం వచ్చింది. మొదటి పద్యం సగంలో ఉండగా హార్మోనియం స్పీకర్లలోంచి మాయమైంది. మధ్యమధ్య ఏదో గట్టి స్వరానికి గొంతు రాసుకుపోయినట్టు బరబరమని వచ్చి మళ్ళీ పోయేది. ముందు వరసల వాళ్ళకి తేడా తెలియలేదు, పెట్టె వాళ్ళ ముందే ఉంది కదా. వెనకనుంచి కేకలు మొదలయ్యాయి: "ఏటయ్యా, ఆర్మోనీ ఇనపడ్డం నేదు!" పద్యం అయిపోగానే ముందు వరసల వాళ్ళు వన్స్ మోర్ అన్నారు. కృష్ణుడు వేషగాడు హార్మోనిస్టు వైపు చూశాడు, హార్మోనిస్టు నా వైపు చూశాడు.

బయటి జిల్లాల వాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. మాది 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పద్యం వినడానికి కూర్చున్న ముసలాయనకి స్వరాల పేర్లు తెలియకపోవచ్చు గానీ, రాగం తీసేటప్పుడు కింద శ్రుతి లేకపోతే వెంటనే తెలిసిపోతుంది.

నేను చేసిన పనులు వరసగా చెబుతాను, ఎందుకంటే మీరూ ఇవే చేస్తూ ఉంటారు. మైకు మార్చాను. కేబుల్ మార్చాను. పీఎఫ్ఎల్ నొక్కి విన్నాను, హెడ్‌ఫోన్‌లో మెట్లు నొక్కిన టకటకతో సహా హార్మోనియం నిండుగా ఉంది. ఛానెలే పోయిందనుకుని తొమ్మిదో ఛానెల్ నుంచి పీకి పదిహేనులో పెట్టాను. అక్కడా అలవాటు ప్రకారం 3-4 నొక్కి పాన్ ఎడమకే తిప్పాను. రాలేదు. అంటే రెండు ఛానెళ్ళూ పోయాయి అని నిర్ణయించేసుకున్నాను. డోలక్ వినిపిస్తూనే ఉంది కాబట్టి గ్రూపుని అనుమానించాలనే తట్టలేదు.

మావయ్య టీ గ్లాసు పట్టుకుని వెనకనుంచి వచ్చాడు. హార్మోనియం సంగతి అడగనే లేదు.

"ఒరే గుంటడా, డోలక్ ఫేడరు దించు."

దించాను.

"అడుక్కి దించీరా."

అడుక్కి దించాను. డోలక్ మోత మోతలాగే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మరి ఇంతసేపూ నువ్వు ఇంటన్నది ఏటి?"

నేను విన్నది వేలాడే మైకుల్లో పడుతున్న డోలక్. దాని మోత స్టేజి అంతా నిండిపోతుంది కాబట్టి వేషధారుల మైకులే దాన్ని మోసుకొస్తున్నాయి. హార్మోనియం అంత గట్టిది కాదు, పెట్టె కూడా పక్కకి ఉంది, ఆ మైకులకి అందలేదు. అంటే గ్రూపు 3లోకి వెళ్ళినవి రెండూ చచ్చిపోయాయి. ఒకటి చచ్చినట్టు తెలిసింది, రెండోది తెలియలేదు. గ్రూపు మీటర్ చూసుంటే ముల్లు లేవట్లేదని తెలిసేదే. దాని బల్బు ఎప్పుడో కాలిపోయింది, చీకట్లో దాని వైపు చూడడమే మానేశాను.

మావయ్య టీ గ్లాసు నా చేతికిచ్చి, రెండు ఛానెళ్ళ పాన్ నాబ్‌లనీ ఎడమనుంచి కుడికి తిప్పాడు, గ్రూపు 4 ఫేడర్ లేపాడు. అంతే. 3-4 బటన్ ఒక్కటే అయినా పాన్ ఎడమకి తిప్పితే 3కి పోతుంది, కుడికి తిప్పితే 4కి. చచ్చిన దారి పక్కనే బతికున్న దారి ఉంది. కృష్ణుడు అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి వన్స్ మోర్ వెనక వరసల నుంచి వచ్చింది.

మర్నాడు గంటస్తంభం దగ్గర షాపులో కారణం బయటపడింది. గ్రూపు 3 ఇన్సర్ట్ జాక్‌లో (బయటి పరికరాన్ని దారి మధ్యలో తగిలించే రంధ్రంలో) పిన్ను గుచ్చి తీయగానే సిగ్నల్ వచ్చేసింది. ఇన్సర్ట్ జాక్ లోపల ఒక రేకు ఉంటుంది. జాక్ ఖాళీగా ఉంటే ఆ రేకు ఆనుకుని, బయటికి వెళ్ళాల్సిన సిగ్నల్‌ని అక్కడికక్కడే లోపలికి తిప్పి పంపుతుంది. పిన్ను గుచ్చితే రేకు పైకి లేస్తుంది, సిగ్నల్ పిన్ను కొసమీదుగా బయటి పరికరానికి, అంటే శబ్దం హెచ్చుతగ్గులని అదుపుచేసే కంప్రెసర్ లాంటిదానికి వెళ్ళి, మధ్య పట్టీ మీదుగా తిరిగొస్తుంది. అంటే మీరు ఏమీ గుచ్చని జాక్‌లోంచి కూడా మీ పాట ప్రతి క్షణం పారుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మాకు మొదట్లో ఎవరూ చెప్పరు.

నా గ్రూపు 3కి ఐదారేళ్ళుగా ఒక కంప్రెసర్ తగిలించి ఉంచాను. అన్నేళ్ళూ రేకు లేచే ఉంది, ఆ సందులోకి దుమ్మూ తేమా చేరుతూనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు మా గోడౌన్ రేకులు లేచిపోయాయి. కన్సోల్ మీద టార్పాలిన్ కప్పి ఉన్నా వెనకవైపు జాక్‌ల మీదికి చెమ్మ ఎక్కింది. పైగా భోగాపురం, పూసపాటిరేగ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి మాకు ఏడాదంతా ఉండేదే. పండగకి వారం ముందు ఆ కంప్రెసర్‌ని ఒక స్నేహితుడికి అరువిచ్చి పిన్ను పీకేశాను. అన్నేళ్ళు గాల్లో ఉన్న రేకు చిలుము మీద కూర్చుంది. సాయంత్రం ఎలాగో పట్టుకుంది, రాత్రి బాస్ స్పీకర్ల అదురుకి వదిలేసింది. గట్టి స్వరం పలికినప్పుడు మాత్రం ఆ పొరని దాటుకుని రాగలిగేది. మీ ఛానెల్ కూడా మెల్లగా పాడితే పోయి, గట్టిగా పాడితే బరబరమంటూ వస్తోందా? అయితే ఇక సందేహమే అక్కర్లేదు, చిలుమే.

ఇప్పుడు మీ బోర్డు సంగతి. చాలా కన్సోళ్ళలో పీఎఫ్ఎల్ సిగ్నల్‌ని ఈక్వలైజర్ తర్వాత, ఫేడర్‌కి ముందు తీసుకుంటారు. అక్కడ శుభ్రంగా ఉందంటే మైకు, కేబుల్, గెయిన్, ఈక్వలైజర్, దారిలో ఉన్న ఛానెల్ ఇన్సర్ట్ అన్నీ ఆరోగ్యంగా ఉన్నట్టే. వాటి జోలికి మళ్ళీ వెళ్ళకండి. మిగిలినవి ఛానెల్ ఆన్ స్విచ్, ఫేడర్, పాన్, రూటింగ్ బటన్లు (3-4 లాంటివి), గ్రూపు, దాని ఇన్సర్ట్, గ్రూపు ఫేడర్, గ్రూపుని మిక్స్‌కి పంపే బటన్. ఇన్ని అనుమానాలు ఎందుకని భయపడకండి, సగానికి విరగ్గొట్టొచ్చు. ఫేడర్ తర్వాత తీసుకునే ఆక్స్ (ఛానెల్‌ని మెయిన్‌కి కాక వేరే అవుట్‌కి పంపే నాబ్) ఒకటి తెరిచి, దాని అవుట్‌పుట్‌లో వినండి. అక్కడ వస్తే ఆన్ స్విచ్చీ ఫేడరూ బాగున్నాయి, జబ్బు పాన్ దగ్గర్నుంచి అవతలే ఉంది. తర్వాత ఇదే గ్రూపుకి వేరే ఛానెల్ పంపండి. అదీ రాకపోతే గ్రూపు జబ్బు, అది వస్తే మీ ఛానెల్ రూటింగ్ బటనో పానో. నేను చేసినట్టు ఛానెల్ మార్చి గ్రూపు మాత్రం అదే ఉంచి "రెండూ పోయాయి" అనకండి. ఇంకో మాట, పరీక్షించేటప్పుడు స్టేజి మీద ఒక్క మైకు తప్ప అన్నీ మూసేయండి, లేకపోతే నా డోలక్‌లాగే ఏదో ఒకటి మిమ్మల్ని మోసం చేస్తుంది.

మల్టీమీటర్‌తో కొలిచేవాళ్ళకి ఒక జాగ్రత్త. ఫోన్‌లోంచి టోన్ పంపేటప్పుడు అందరూ 1000 హెర్ట్జ్ అంటారు. చౌక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి. 200 దగ్గర పెట్టుకోండి. ప్రొఫెషనల్ లెవెల్‌లో నడిచే బోర్డయితే, బోర్డు మీది మీటర్ సున్నా దగ్గర ఉన్నప్పుడు అవుట్‌పుట్‌లో సుమారు 1.23 వోల్టుల ఏసీ కనిపించాలి.

కెపాసిటర్లన్నీ మార్చాలనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముసలి కెపాసిటర్లు చెడవని అనను, చెడతాయి. చెడితే బాస్ పలచబడుతుంది, హమ్ పెరుగుతుంది, పవర్ సప్లయిలో అయితే బోర్డంతా బాధపడుతుంది. ఒక్క ఛానెల్ మాత్రం నాబ్ తిప్పితే వచ్చి, వదిలితే పోవడం వాటి లక్షణం కాదు. మాకు తెలిసిన ఒకాయన బోర్డుకి ఒక షాపులో వందలకొద్దీ కెపాసిటర్లు మార్చి, ఆ వేడికి రాగి గీతలు ఊడగొట్టి పంపారు. అసలు చెడిన స్విచ్చి అలాగే ఉంది.

కనిపించిన ప్రతిదాని మీదా తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టడం ఇంకో రోగం. ఆ నూనె జిడ్డుగా మిగిలి దుమ్ముని పట్టుకుంటుంది. ఫేడర్లో కొడితే నాలుగు నెలల్లో అది బంకలా కదులుతుంది. జాక్‌లకి ఐసోప్రొపైల్ ఆల్కహాలో, జిడ్డు మిగల్చని కాంటాక్ట్ క్లీనరో చాలు. కరెంటు తీసేసి, పిన్నుకి కాస్త రాసి ఇరవైసార్లు గుచ్చి తీయండి. స్విచ్చిలయితే ఇరవైసార్లు నొక్కండి. గరుకు కాగితం పెట్టి గీకకండి, పైపూత పోతే చిలుము రెట్టింపు వేగంతో వస్తుంది. రేకు బిగువు పోయి ఉంటే మాత్రం జాకే మార్చాలి. నేను గ్రూపు 3కి చివరికి అదే చేశాను.

ప్రోగ్రాం మధ్యలో అయితే ఇవేవీ కుదరవు. అందుకే మావయ్య రెండు పిన్నులు చేసి నా పెట్టెలో పడేశాడు. మూడు భాగాల స్టీరియో పిన్ను తీసుకుని, కొసనీ మధ్య పట్టీనీ చిన్న వైరుతో కలిపి టంకం వేయడమే. మొదలు భాగం ఖాళీగా వదిలేయాలి. అనుమానమున్న ఇన్సర్ట్‌లో ఇది గుచ్చితే చెడిన రేకుతో పని లేకుండా సిగ్నల్ తిరిగొచ్చేస్తుంది. గుచ్చే ముందు ఆ ఫేడర్ దించండి, లేకపోతే టప్పుమని పేలుతుంది. పాతిక ముప్ఫై రూపాయల పిన్ను ఒక రాత్రి మర్యాద కాపాడుతుంది.

డిజిటల్ కొనాలా అన్నారు. డబ్బుంటే కొనుక్కోండి, కానీ దీన్ని అమ్మి మాత్రం కొనకండి. తెర మీద నాలుగు పేజీల వెనక దాక్కున్న రూటింగ్‌ని టీ గ్లాసు పట్టుకుని వెనకనుంచి వచ్చినాయన ఒక్క చూపులో చూడలేడు. మన ప్రాంతంలో ఇలాంటి కన్సోళ్ళు గోనెసంచుల కింద ఎన్ని పడున్నాయో నాకు తెలుసు. చర్చి హాళ్ళలో, కళ్యాణ మండపాల్లో, మూసేసిన రికార్డింగ్ షాపుల్లో ఉంటాయి. ఏడాదికోసారి పండగకి బయటికి తీస్తారు, సగం ఛానెళ్ళు పలకవు, పాత ఇనపసామాన్ల వాడికి తూకానికి ఇచ్చేస్తారు. అవి చెడిపోలేదు, వాటి బటన్లు ఎవరూ నొక్కలేదు. నేను ఇప్పుడు ప్రతి అమావాస్యకీ, ముహూర్తాలు లేక ప్రోగ్రాములు ఉండవు కాబట్టి, షాపులో కూర్చుని 24 ఛానెళ్ళ ప్రతి స్విచ్చీ, ప్రతి నాబూ, వెనక ప్రతి జాకూ ఒక చుట్టు తిప్పుతాను. గంటన్నర పడుతుంది. మా పెద్దాడికి బటన్ల పేర్లు నోటికొచ్చేశాయి.

ఈ రాత్రే వేరే ఛానెల్ ఒకటి అదే గ్రూపుకి పంపి, వచ్చిందో లేదో రాయండి. బోర్డు మోడల్, ఇన్సర్ట్ జాక్‌లు వెనక ఉన్నాయా పైన ఉన్నాయా అన్నది కూడా చెప్పండి. వెనక ఉంటే ముందు గోడకి ఆనించిన వైపు నుంచి మొదలుపెట్టండి, చెమ్మ ఎక్కువ చేరేది అక్కడే.