ఇంగ్లిష్ వస్తే చాలదు: మలావి పల్లె స్కూల్లో రెండేళ్లు

"ఆఫ్రికాలో ఏదైనా స్కూల్లో ఒకటి రెండేళ్లు వాలంటీరుగా ఉండాలనుంది. రోజులెలా గడుస్తాయి? ఇంగ్లిష్ వస్తే సరిపోతుందా?" అని అడిగావు కదమ్మా. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. సరిపోదు.

నేను అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కల టీచరుగా చేశాను. రిటైరయ్యాక మలావి వెళ్లి, జోంబా పట్టణం దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూల్లో రెండేళ్లున్నాను. అక్కడ తెల్లవారక ముందే బోరింగు దగ్గర బకెట్లు వరస కడతాయి. బడి మొదలవకముందే పిల్లలు పుల్లల చీపుర్లతో ఆవరణంతా ఊడ్చేస్తారు. 1994లో ఆ దేశంలో ప్రైమరీ చదువు ఉచితం చేశారు. పిల్లలు ఒక్కసారిగా వచ్చి చేరారు గానీ గదులు, టీచర్లు ఆ లెక్కన పెరగలేదు. మా స్టాండర్డ్ 2లో, అంటే రెండో తరగతిలో, 130 మంది. బెంచీల్లేవు, అందరూ నేల మీదే. గది చాలనప్పుడు మామిడిచెట్టు కిందకి మారేవాళ్లం.

వెళ్లిన మూడో వారంలో ఆ తరగతి మేడమ్ "ఈరోజు లెక్కలు మీరు చెప్పండి" అంది. బోర్డు మీద 8 + 7 వేశాను. మన దగ్గర చెప్పినట్టే, ఎనిమిది మనసులో పెట్టుకోండి, ఏడు వేళ్లు తెరవండి అని ఇంగ్లిష్‌లో చెప్పాను. అర్థమైందా అంటే 130 గొంతులు "యెస్ మేడమ్" అన్నాయి. ముందు వరసలో ఒక పాపను జవాబడిగాను. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆడపిల్లలు మోకరిల్లడం అక్కడి మర్యాద. పాప మోకాళ్ల మీద కూర్చుని, తల దించుకుని, నా చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంకో నలుగుర్ని అడిగాను. అంతే. నేను గొంతు పెంచి మళ్లీ అదే చెప్పాను.

అప్పుడు మేడమ్ మూలనున్న గోనెసంచి తెచ్చి నేల మీద కుమ్మరించింది. అన్నీ కూల్‌డ్రింక్ సీసాల మూతలు. ఇక్కడ నీకో సంగతి చెప్పాలి. అక్కడివాళ్లు మాట్లాడే చిచేవా భాషలో ఐదు దాకానే అంకెలకు విడి పేర్లున్నాయి. ఆరంటే ఐదూ ఒకటి. ఏడు "జిసాను ఎన్ది జివిరి", అంటే ఐదూ రెండూ. ఎనిమిది "జిసాను ఎన్ది జితాటు", ఐదూ మూడూ. పదికి మళ్లీ వేరే పేరు, "ఖుమి". బజార్లో డబ్బుల దగ్గర అందరూ ఇంగ్లిష్ అంకెలే వాడతారు కాబట్టి మూడు వారాలైనా ఈ సంగతి నా చెవిన పడలేదు.

మేడమ్ ఒక పక్క ఐదు మూతలు, వాటి కింద మూడు పెట్టింది. ఇంకో పక్క ఐదు, వాటి కింద రెండు. ఏమీ చెప్పకుండా రెండు ఐదుల్నీ చేత్తో జరిపి కలిపింది. ఖుమి. మిగిలినవి మూడూ రెండూ, మళ్లీ ఐదు. "ఖుమి ఎన్ది జిసాను!" అని గది మొత్తం అరిచింది. పదిహేను. అందరికంటే ముందు అరిచింది నా చెప్పుల వైపు చూసిన పాపే.

ఆ పిల్లలకు లెక్క రాక కాదు. వాళ్ల అంకెల పేర్లలోనే కూడిక ఉంది, నేను దాన్ని పక్కన పెట్టి వేరే దారిలో లాగాను. మర్నాటి నుంచి సుద్దముక్క పక్కన పెట్టేసి, నోట్‌బుక్ పట్టుకుని వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుని చిచేవా నేర్చుకున్నాను. ఆ ఏడాదంతా నా పని నోట్‌బుక్కులు దిద్దడం, మూతలు ఏరడం, మధ్యాహ్నం వెనకబడినవాళ్లను కూర్చోబెట్టుకోవడం. వాలంటీరు అంటే ఆ పనే చేయాలని నా గట్టి అభిప్రాయం. రెండు వారాలకొచ్చి, గోడకు రంగులేసి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా బడికి రెండుసార్లు వచ్చారు. ఒకసారి 130 మందికి 60 పెన్సిళ్లు పంచారు. ఆ కొట్లాట సర్దడానికి మేడమ్‌కు వారం పట్టింది.

మన దగ్గర మాత్రం? తెలుగులో ఇరవై మూడు అంటే ఇరవై, మూడు. స్థాన విలువ పేరులోనే ఉంది. మా అక్క మనవడు ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి, డెబ్భై తొమ్మిది అంటే ఎంతో తెలియదు. ఇంగ్లిష్ నేర్పండి, నేనూ వద్దనను. కానీ చేతిలో ఉన్నది పారేసి నేర్పడమెందుకు?

తిండి గురించి టెన్షన్ పడకు. న్‌సీమ అంటే మొక్కజొన్నపిండి సంకటి, రాగిసంకటి తిన్న నోటికి రెండ్రోజుల్లో అలవాటవుతుంది. గుమ్మడి ఆకు కూరలో వేరుశనగపొడి వేస్తారు, అచ్చం మన సీమ వంట. తినే ముందు చేతుల మీద నీళ్లు పోస్తారు, కుడిచేత్తో తింటారు.

కష్టమంతా జనవరి, ఫిబ్రవరిల్లో. పాత పంట అయిపోయి, కొత్త మొక్కజొన్న చేతికి రాని నెలలవి. బడిలో తల్లులు వంతులవారీగా వచ్చి మొక్కజొన్న, సోయా పిండితో జావ కాచేవాళ్లు. ఉదయం పిల్లల చేతిలో నోట్‌బుక్ లేకపోయినా ప్లాస్టిక్ కప్పు ఉండేది. జావ సగం తాగి, మిగతాది ఇంట్లో తమ్ముడి కోసమని కప్పు మీద చెయ్యి మూసుకుని నడిచి వెళ్లే పిల్లల్ని చూశాను. పిండి రాని వారం హాజరు సగానికి పడిపోయేది. అలాంటి రోజుల్లో వచ్చినవాళ్లతో పాటలు పాడించి తొందరగా పంపేసేవాళ్లం.

వెళ్లేటట్టయితే ఇప్పటి నుంచే పలకరింపులు నేర్చుకో. అక్కడ అంగట్లో ఉప్పు అడిగినా ముందు "ములి బ్వాంజి" అనాలి, ఎలా ఉన్నారని. వాళ్లు "ఎన్దిలి బ్వినో, కాయ ఇను" అంటారు, బాగున్నాను, మరి మీరు అని. దానికీ జవాబిచ్చాకే బేరం. ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని స్వెట్టరు మానేయకు. జూన్, జూలైల్లో జోంబా కొండగాలికి నేను చీర మీద రెండు శాలువాలు కప్పుకునేదాన్ని.