గాల్‌బ్లాడర్‌లో రాళ్లు: నొప్పి వచ్చిన మర్నాడు పడుకుంటే తప్పు చేస్తున్నట్టుంది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 39. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. నాలుగు నెలలుగా అప్పుడప్పుడు రాత్రిపూట కుడివైపు పక్కటెముకల కింద భరించలేని నొప్పి వస్తోంది. వీపులోకి, కుడి భుజం దాకా పాకుతుంది. వాంతులవుతాయి. రెండు మూడు గంటలకు తగ్గిపోతుంది. మొదట గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను. స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో చిన్న చిన్న రాళ్లు చాలా ఉన్నాయని తేలింది. సర్జన్ ఆపరేషన్ చేయించుకోమన్నారు. పిల్లల పరీక్షలు అయ్యాక వేసవి సెలవుల్లో చూద్దామని వాయిదా వేశాను. నొప్పి వచ్చిన మర్నాడు లేవలేను. 68 ఏళ్ల మా అత్తగారు మోకాళ్ల నొప్పులతోనే వంట చేసి, పిల్లల్ని తయారుచేసి స్కూలుకు పంపిస్తారు. ఒక్క మాట కూడా అనరు. అదే నాకు ఎక్కువ బాధ. మధ్యాహ్నానికి నొప్పేమీ ఉండదు, అయినా పడుకునే ఉంటాను. నాటకమాడుతున్నానేమోనని నాకే అనిపిస్తుంది. అందుకే ఈమధ్య నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పకుండా బాత్రూంలోకి వెళ్లి కూర్చుంటున్నాను. ఆపరేషన్ లేకుండా రాళ్లు కరగవా? గాల్‌బ్లాడర్ తీసేస్తే తిన్నది అరుగుతుందా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: బాత్రూంలోకి వెళ్లి కూర్చుంటున్నానన్న వాక్యం దగ్గర ఆగిపోయానమ్మా. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను కానీ, ముందు దీని సంగతి చూద్దాం.

గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం, కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచి. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అందులో కొంత ఈ సంచిలో చేరి చిక్కబడుతుంది. నూనె, నెయ్యి ఉన్న తిండి తినగానే పేగుల్లో ఒక హార్మోన్ విడుదలవుతుంది. దాంతో సంచి ముడుచుకుని రసాన్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడులో ఒక రాయి వచ్చి సంచి మెడ దగ్గర ఇరుక్కుంటుంది, గోళీసోడా సీసా మెడలో గోళీ బిగుసుకున్నట్టు. రసానికి దారి ఉండదు, సంచి నొక్కడం మాత్రం ఆపదు. మీ నొప్పి ఆ ఒత్తిడిదే. ఎప్పుడో ఒకప్పుడు రాయి వెనక్కి జారుతుంది. అంతే, నొప్పి ఆనవాలు లేకుండా పోతుంది.

మీకు నాటకంలా అనిపించడానికి కారణం కూడా ఇదే. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. దీనికి అలాంటి గుర్తేమీ ఉండదు. తెల్లారాక డాక్టర్ పొట్ట నొక్కి చూసినా మామూలుగానే ఉండొచ్చు, రక్తపరీక్షల్లోనూ తేడా కనిపించకపోవచ్చు. రాత్రి ప్రాణం పోతుందనుకున్న మనిషి మధ్యాహ్నానికి మామూలుగా మాట్లాడుతుంది. చూసేవాళ్లకు అనుమానం రావడం అటుంచి, మీకే మీ మీద అనుమానం వచ్చింది. కాన్పు నొప్పులకంటే ఎక్కువగా ఉందని చెప్పే తల్లులను మేం తరచూ చూస్తాం. వాళ్లలో చాలామంది కూడా పొద్దున్నే లేచి క్యారేజీలు కట్టి వచ్చినవాళ్లే. గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతేం కాదు అది.

మర్నాడు ఉండే నీరసానికి కూడా కారణాలున్నాయి. రాత్రంతా నిద్ర లేదు. వాంతులతో ఒంట్లో నీరు, లవణాలు పోయాయి. మళ్లీ వస్తుందేమోనని భయపడి తిని ఉండరు. ఆస్పత్రికి వెళ్లి ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే దాని మత్తు కూడా కొంతసేపు ఉంటుంది. నొప్పి తగ్గినంత మాత్రాన ఇవన్నీ తీరిపోవు. ఆ రోజు పడుకోవడం బద్ధకం కాదు.

అయితే ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి. రెస్ట్ ఈ జబ్బుకు మందు కాదు. పడుకుంటే రాళ్లు కరగవు, పని చేస్తే పెరగవు. నొప్పి లేని రోజుల్లో స్కూలుకు వెళ్లండి, నడవండి, మీ పనులు చేసుకోండి. నొప్పి వచ్చిన మర్నాడు మాత్రం సెలవు అని ముందే లెక్కేసుకోండి. ఆ రోజు ఎవరు ఏం చేయాలో నొప్పి లేనప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. మీ ఉత్తరంలో మీ భర్త ప్రస్తావన ఎక్కడా లేదు. ఆయన వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంటే సరే. ఇంట్లోనే ఉంటే, పిల్లలకు జడలు వేసి బ్యాగులు సర్దడం ఆయనకూ వస్తుంది, రాకపోతే రెండు రోజుల్లో వస్తుంది. ఆ ఒక్క పూటా కర్రీ పాయింట్ నుంచి కూర తెప్పించి అన్నం మాత్రం వండుకుంటే మీ అత్తగారి మోకాళ్లకూ కాస్త తెరిపి. (ఆ కూరల్లో నూనె ఎక్కువ, మీరు మాత్రం చారన్నం, మజ్జిగతో సరిపెట్టుకోండి.) ఆవిడ మోకాళ్ల గురించి మీరు పడే బాధలో న్యాయం ఉంది. దానికి పరిష్కారం పని పంచుకోవడంలో ఉంది. నొప్పిని దాచిపెడితే ఆవిడ మోకాళ్లు తగ్గవు.

ఇక దాచడం ఎందుకు ప్రమాదమో చూడండి. ఇరుక్కున్న రాయి వెనక్కి జారకపోతే సంచి వాచి ఇన్ఫెక్షన్ రావచ్చు. మీ రిపోర్టులో 'చిన్న చిన్న రాళ్లు చాలా' అని ఉంది. చిన్నవే కదా అని ధైర్యపడకండి. పెద్ద రాయి ఎక్కువగా సంచిలోనే ఉండిపోతుంది. చిన్నవి సంచి దాటి పైత్యరస నాళంలోకి జారగలవు. అక్కడ అడ్డుపడితే కామెర్లు వస్తాయి. ఇంకా కిందికి జారి క్లోమగ్రంథి నాళానికి అడ్డం పడితే పాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు, వస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు.

అందుకే మీ ఇంట్లో కనీసం ఒకరికైనా ఈ గుర్తులు తెలిసి ఉండాలి. నొప్పి ఐదారు గంటలు దాటినా, చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా, వాంతులు ఆగకపోయినా, నొప్పి పొట్ట నడిమికి వచ్చి వీపులోకి పొడుస్తూ తగ్గకపోయినా, అర్ధరాత్రి అని చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బాత్రూంలో గడియ వేసుకుని కూర్చున్న మనిషి కళ్లు పచ్చబడ్డాయో లేదో ఎవరు చూస్తారు? మీ అత్తగారికి ఈ నాలుగు ముక్కలు చెప్పి పెట్టండి. ఒక్క మాట కూడా అనని మనిషి అంటున్నారు కదా, అలాంటివాళ్లు ఇలాంటివి బాగా గుర్తుపెట్టుకుంటారు.

దీన్ని చదివే మిగతావారికి ఒక మాట. పొట్ట పైభాగంలో నొప్పితో పాటు చెమటలు పట్టడం, ఆయాసం, ఛాతీ బరువు ఉంటే దాన్ని గ్యాస్ ఖాతాలోనో రాళ్ల ఖాతాలోనో వేయకండి. ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. గుండెపోటు కూడా ఇలా రావచ్చు.

నొప్పి మొదలైన రాత్రి చేయాల్సింది తక్కువే. ఏమీ తినకండి. నోరు ఎండకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగొచ్చు. సర్జన్ రాసిచ్చిన నొప్పి మాత్ర ఉంటే నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదట్లోనే వేసుకోండి. రాసివ్వకపోతే అడిగి రాయించుకోండి. ఈ నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి బాగానే పనిచేస్తాయి కానీ కడుపులో అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు. సోడా, ఈనో తాగితే తేనుపులొస్తాయి, రాయి కదలదు. వేడినీళ్ల సంచి పెట్టుకుంటే హాయిగా ఉంటుందనుకుంటే పెట్టుకోండి. పక్కన ఒకరిని లేపండి.

తిండి విషయంలో భయపడి కడుపు మాడ్చుకోవద్దు. ఎక్కువ గంటలు ఏమీ తినకపోతే పైత్యరసం సంచిలోనే నిలవ ఉండి ఇంకా చిక్కబడుతుంది. త్వరగా బరువు తగ్గాలని చేసే కఠినమైన డైటింగ్‌తో కొత్త రాళ్లు కూడా ఏర్పడొచ్చు. ఆపరేషన్ అయ్యేదాకా ఉపవాసాలకు విరామం ఇవ్వండి, దేవుడేమీ అనుకోడు. వేళకు కొంచెం కొంచెంగా తినండి. పూరీ, బజ్జీ, బిర్యానీ, వేపుళ్లు, నేతి మిఠాయిలు మానండి, ముఖ్యంగా రాత్రిపూట. ఇడ్లీ, పప్పు, ఆకుకూరలు, చారు, మీగడ తీసిన పెరుగు ఇబ్బంది పెట్టవు. ఆవకాయ ముక్క వేసుకోవచ్చు, పైన తేలే నూనె కలుపుకోవద్దు. ఇంత జాగ్రత్తగా ఉన్నా నొప్పి రావచ్చు. వస్తే ఏం తిన్నానా అని మీ మీద నేరం మోపుకోకండి.

ఇప్పుడు రాళ్లు కరిగే సంగతి. కొండపిండాకు, ఉలవచారు, అరటి దవ్వ రసం అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పే ఉంటారు. ఊళ్లో వాటిని కిడ్నీ రాళ్లకు వాడతారు. కిడ్నీ రాయి మూత్రంలో తయారవుతుంది, చిన్నదైతే మూత్రంతో కొట్టుకుపోతుంది. మీ రాళ్లు పైత్యరసంలో తయారైనవి, ఎక్కువగా కొలెస్ట్రాల్‌తో. ఎన్ని బిందెల నీళ్లు తాగినా అక్కడికి చేరవు. ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే రాళ్లు పడిపోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. మర్నాడు విరేచనంలో కనిపించే ఆకుపచ్చ ఉండలు రాళ్లు కావు, ఆ నూనె పేగుల్లో సబ్బులా గడ్డకట్టి వచ్చినవి. పైగా అంత నూనె ఒక్కసారిగా తాగితే సంచి గట్టిగా ముడుచుకుని అదే రాత్రి నొప్పి తెప్పించగలదు. అర్సోడీఆక్సికోలిక్ యాసిడ్ అనే మాత్ర ఉంది. చిన్న కొలెస్ట్రాల్ రాళ్లను కొందరిలో కరిగిస్తుంది కానీ నెలల తరబడి వాడాలి, ఆపాక దాదాపు సగం మందిలో ఐదేళ్లలోపే మళ్లీ వస్తాయి. ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించని వాళ్లకు తప్ప నేను సలహా ఇవ్వను. రాళ్లు తీసి సంచి ఉంచొచ్చు కదా అని కూడా అడుగుతుంటారు. రాళ్లు పుట్టేది ఆ సంచిలోనే, ఉంచితే మళ్లీ పుట్టే అవకాశం ఎక్కువ.

రాళ్లున్న ప్రతివారికీ ఆపరేషన్ అక్కర్లేదు. వేరే ఏదో కారణానికి స్కానింగ్ చేస్తే రాళ్లు బయటపడి, నొప్పి ఎప్పుడూ రాకపోతే చాలామందిని అలాగే వదిలేస్తాం. మీ విషయం వేరు. ఒకసారి నొప్పి మొదలయ్యాక మళ్లీ మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. వేసవి సెలవుల దాకా ఆగమని మాత్రం చెప్పలేను. ముందే అనుకుని చేయించుకుంటే సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. సంచి వాచి చీము పట్టాక ఎమర్జెన్సీలో చేయాల్సి వస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) కుదరక పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాలి. మీరు స్కూలుకు ఎక్కువ రోజులు దూరమయ్యేది, మీ అత్తగారికి ఎక్కువ పని పడేది ఈ రెండో దారిలోనే.

మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా ల్యాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశారు. అంతకుముందు పక్కటెముకల కింద జానెడు కోత పెట్టేవారు, వారాల తరబడి మంచంలో ఉండేవారు. మీ పెద్దవాళ్లు ఆపరేషన్ అనగానే భయపడేది దానికే. ఇప్పుడు సాధారణంగా నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు గానీ నడిపిస్తారు. పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల ఒకట్రెండు రోజులు భుజం లాగుతుంది, కంగారు పడకండి. కూర్చుని చేసే పనులకు వారం, పది రోజుల్లో వెళ్లగలుగుతారు. టీచర్లు రోజంతా నిలబడాలి కాబట్టి రెండు వారాలు సెలవు పెట్టండి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, నానబెట్టిన దుప్పట్లు, పిల్లల్ని ఎత్తుకోవడం లాంటి బరువులు నెల, నెలన్నర దాకా వద్దు. ఇక్కడ రెస్ట్ నిజంగానే వైద్యం, రంధ్రాల దగ్గర కండరం అతుక్కోవాలి. 'ఇంత చిన్న గాట్లకు ఇన్ని రోజులా' అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట మీ నోటే రాకుండా చూసుకోండి.

అరుగుదల గురించి: గాల్‌బ్లాడర్ నిలవ ఉంచే సంచి మాత్రమే, రసం తయారుచేసేది కాలేయం. సంచి తీసేశాక రసం నేరుగా పేగుల్లోకి పోతుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలచగా అవుతాయి, ఎక్కువమందికి సర్దుకుంటుంది. తర్వాత ఇంట్లో అందరూ తినేదే తింటారు.

నొప్పి లేని రోజుల్లో కూడా ఎవరికో భారమైపోయానన్న ఆలోచన రెండు వారాలకు మించి వదలకపోయినా, నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా దాన్ని ఈ రాళ్లకు ముడిపెట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ వారంలోనే సర్జన్‌ను మళ్లీ కలవండి. నొప్పి ఏయే తేదీల్లో వచ్చింది, ఎంతసేపు ఉంది, దాచిపెట్టిన రాత్రులతో సహా కాగితం మీద రాసుకెళ్లండి. లివర్ ఫంక్షన్ టెస్ట్ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) ఇటీవల చేయించకపోతే చేయించమని అడగండి. అందులో తేడా ఉన్నా, స్కానింగ్‌లో నాళం వెడల్పుగా కనిపించినా నాళంలో రాయి ఉందేమో తెలుసుకోవడానికి ఎంఆర్‌సీపీ అనే స్కాన్ రాస్తారు. ఉంటే ముందు దాన్ని ఎండోస్కోపీతో తీసి, ఆ తర్వాత గాల్‌బ్లాడర్ సంగతి చూస్తారు. ఆరోగ్యశ్రీ (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) లాంటి ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆ పథకం సంగతులు చూసేవాళ్లను అడగండి. ప్రైవేటు బీమా అయితే ఈ జబ్బుకు చాలా పాలసీల్లో కొంత వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఖర్చు ఇచ్చేదాకా ఆగాల్సిన గడువు) ఉంటుంది, అడ్మిట్ అయ్యే ముందే చూసుకోండి.