టెక్ సందేహాలు: బైక్ టాప్ స్పీడ్ పెరగాలంటే స్ప్రాకెట్ మార్చాలా, రీమ్యాప్ చేయించాలా?

ప్రశ్న: నాది నాలుగు సిలిండర్ల 600 సీసీ స్పోర్ట్స్ బైక్. పూర్తి వేగంతో నడిపేది రేస్ ట్రాక్ మీదే. టాప్ స్పీడ్ పెరుగుతుందని ముందు స్ప్రాకెట్‌ని (చైన్ తిరిగే పళ్ల చక్రాన్ని) 15 పళ్ల నుంచి 16 పళ్లకు మార్చాను. వెనక 45 పళ్లు. తీరా చూస్తే స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం) చివర్లో ఇదివరకటి స్పీడ్ కూడా కనిపించడం లేదు. ఆరో గేరులో ఇంజిన్ లాగలేకపోతోంది. ఎందుకిలా?

జవాబు: ముందుగా ఒక విషయం తేల్చుకోండి. ఆ స్పీడ్ ఎక్కడ చూశారు? చాలా బైకుల్లో స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరే ఉంటుంది. స్ప్రాకెట్ మారిందని దానికి తెలియదు. మీదీ అలాంటిదే అయితే, 16 వేశాక స్పీడోమీటర్ మునుపటికంటే 6 శాతం తక్కువ చూపిస్తుంది. సెన్సర్ వెనక చక్రం దగ్గర ఉంటే ఈ తేడా రాదు. ఏదైనా సరే, పోల్చి చూడటానికి జీపీఎస్ లాగర్‌నే నమ్మండి.

ఇంజిన్ లాగలేకపోతోందని మీరే అంటున్నారు కాబట్టి అసలు సమస్య కూడా ఉన్నట్టే. 45ని 15తో భాగిస్తే నిష్పత్తి 3.0, 16తో భాగిస్తే 2.81. అంటే అదే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర చక్రం 6.7 శాతం వేగంగా తిరుగుతుంది. కాగితం మీద లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలో గాలి లేదు. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 6.7 శాతం వేగం కావాలంటే సుమారు 21 శాతం ఎక్కువ పవర్ ఉండాలి. స్ప్రాకెట్ ఆ పవర్‌ని తెచ్చి ఇవ్వదు. పైగా ఆర్‌పీఎం తగ్గడంతో ఇంజిన్ తన పూర్తి పవర్ ఇచ్చే చోటికి చేరనే లేదు. ఉన్న పవర్‌లో కొంత మీరే వదులుకున్నారన్నమాట.

అందుకే గేరింగ్ మార్చేముందు చూడాల్సింది ఒక్కటే: ఆరో గేరులో, స్ట్రెయిట్ చివర్లో ఆర్‌పీఎం ఎంత? గరిష్ఠ పవర్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని కాస్త దాటుతుంటే గేరింగ్ జోలికి వెళ్లొద్దు. లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) తగిలి ఆగిపోతుంటే నిష్పత్తి తగ్గించండి. ఆ ఆర్‌పీఎం కూడా అందకపోతుంటే నిష్పత్తి పెంచండి. పికప్ కోసం చేసే ఈ మార్పుతోనే టాప్ స్పీడ్ కూడా పెరగడం చాలామందికి నమ్మబుద్ధి కాదు కానీ, నిజమే. స్ట్రెయిట్ చిన్నదైతే ఇది మరీ నిజం. అక్కడ గాలి అడ్డుకునేలోపే బ్రేక్ పడిపోతుంది, త్వరగా వేగం అందుకున్న బండే ముందుంటుంది.

లెక్క వేసుకోవాలంటే కష్టమేం కాదు. ప్రైమరీ (ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే గేర్లు), ఆరో గేరు, స్ప్రాకెట్ల నిష్పత్తులు మూడింటినీ గుణించండి. ఆర్‌పీఎంని దానితో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణించండి. 180/55-17 టైరు చుట్టుకొలత సుమారు 1.98 మీటర్లు. మొత్తం నిష్పత్తి 6.5, ఆర్‌పీఎం 13,000 అనుకుంటే చక్రం నిమిషానికి 2,000 సార్లు తిరుగుతుంది. అంటే గంటకు దాదాపు 238 కిలోమీటర్లు.

మీకు నా సలహా: ముందు 16 అలాగే ఉంచి, వెనక 48 వేయండి. నిష్పత్తి మళ్లీ 3.0కి వస్తుంది. ముందు స్ప్రాకెట్ పెద్దదైతే చైన్ అంత గట్టిగా వంగక్కర్లేదు, దానికి అది మంచిది. చైన్‌కి రెండు లింకులు ఎక్కువ కావాలి. అక్కడి నుంచి వెనక ఒక్కో పన్ను మారుస్తూ చూడండి. ముందు ఒక పన్ను మారితే వెనక మూడు మారినట్టు కాబట్టి, సన్నటి సర్దుబాటు వెనకే చేయాలి. ఇంకోటి, స్ట్రెయిట్‌లో గడ్డం ట్యాంకుకి ఆనేలా వంగి, మోచేతులు లోపలికి పెట్టుకోండి. 1999లో వచ్చిన సుజుకి హయబుసా 300 దాటిందంటే అందులో ఇంజిన్‌కి ఎంత పాత్ర ఉందో గాలిని చీల్చే ఆకారానికీ అంత ఉంది.

ప్రశ్న: సెన్సర్ వైరుకి తగిలిస్తే పవర్ పెరుగుతుందంటూ ఆన్‌లైన్‌లో చిన్న చిప్ అమ్ముతున్నారు. అది కొనాలా, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాలా, అంటే అందులోని సెట్టింగులు మార్పించాలా?

జవాబు: చిప్ కొనకండి. వాటిలో చాలావరకు ఉండేది ఒక రెసిస్టర్. లోపలికి వచ్చే గాలి చల్లగా ఉందని ఈసీయూకి అబద్ధం చెబుతుంది, అది పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సర్ దాన్ని పట్టేసి సరిచేస్తుంది. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం అవసరం ఉన్నా లేకున్నా పెట్రోల్ ఎక్కువ పడుతుంది.

రీమ్యాప్ వేరు. పెట్రోల్ పూర్తిగా మండటానికి గాలి, పెట్రోల్ పాళ్లు 14.7:1 ఉండాలి, ఎక్కువ పవర్ వచ్చేది 13:1కి అటూ ఇటూగా. ఫుల్ ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ మార్చినవారికి ఈ పాళ్లు చెదిరిపోతాయి కాబట్టి రీమ్యాప్ తప్పనిసరి. ఏమీ మార్చని ఇంజిన్‌కి టాప్ స్పీడ్‌లో లాభం కొద్దిగానే ఉంటుంది, మధ్య ఆర్‌పీఎంలో పికప్ బాగుపడటమే అసలు లాభం. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, అదే గేరులో, ముందూ తర్వాతా తీసిన గ్రాఫులు రెండూ చూపించమని అడగండి. చూపించనివారికి బండి ఇవ్వొద్దు. స్పార్క్ టైమింగ్ హద్దు మీరి ముందుకు జరిపితే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండటం) మొదలవుతుంది. హెల్మెట్‌లో, ఆ హోరులో అది మీకు వినపడదు. తెలిసేసరికి పిస్టన్ పోయి ఉంటుంది.

ప్రశ్న: రీమ్యాప్‌లో రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎం హద్దు) కూడా పెంచేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వాల్వ్ స్ప్రింగులు మార్చకుండా ఒప్పుకోవద్దు. ఆర్‌పీఎం 10 శాతం పెరిగితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద జడత్వ బలం 21 శాతం పెరుగుతుంది. స్ప్రింగు వాల్వ్‌ని సమయానికి మూయలేకపోతే అది పిస్టన్‌కి తగలవచ్చు. మీ డైనో గ్రాఫులో పవర్ రెడ్‌లైన్‌కి ముందే తగ్గిపోతోందేమో చూడండి. తగ్గుతుంటే ఆపైన పెంచిన ఆర్‌పీఎం వల్ల టాప్ గేరులో వచ్చే వేగం ఏమీ ఉండదు.