విస్టార్ ఎలుకలు ఎక్కడివి? బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు ఎలా పోయాయి?

ప్రశ్న: గుంటూరులో బి.ఫార్మసీ చదువుతున్నా. మా ల్యాబ్‌లో, సీనియర్ల ప్రాజెక్టుల్లో ఎక్కడ చూసినా విస్టార్ ఎలుకలే. విస్టార్ అంటే ఊరా, మనిషా, కంపెనీనా? – విద్యార్థిని, లక్ష్మీపురం

జవాబు: మనిషి ఇంటిపేరమ్మా. ఫిలడెల్ఫియాలో కాస్పర్ విస్టార్ అని అనాటమీ ప్రొఫెసర్ ఉండేవాడు, 1818లో పోయాడు, అమెరికాలో మొదటి అనాటమీ టెక్స్ట్‌బుక్ రాసింది ఆయనే. పాఠం చెప్పడానికని మైనం ఎక్కించి ఎండబెట్టిన శరీర భాగాలు బోలెడు తయారు చేసుకున్నాడు. అవి పాడైపోకుండా ఒక చోట ఉండాలని వాళ్ల వంశంలోనే పుట్టిన ఐజాక్ విస్టార్, ఈయన లాయరు, సివిల్ వార్‌లో జనరల్ కూడా, 1892లో తన డబ్బు పెట్టి విస్టార్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టాడు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ పక్కనే ఉంటుంది కానీ యూనివర్సిటీలో డిపార్ట్‌మెంట్ కాదు, గవర్నమెంటుదీ కాదు, లాభాలు పంచుకునే ఓనర్లు లేరు. ఇలాంటి స్వతంత్ర వైద్య పరిశోధనా సంస్థ అమెరికాలో ఇదే మొదటిదంటారు.

మ్యూజియంగానే ఉండిపోతే మనం ఇవాళ దాని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. 1906లో డొనాల్డ్‌సన్ అనే సైంటిస్టు మెదడు ఎదుగుదల మీద పని చేయడానికి చికాగో నుంచి వస్తూ తెల్ల ఎలుకల్ని తెచ్చాడు. తర్వాత హెలెన్ డీన్ కింగ్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఒకే తల్లి పిల్లల్ని జత కట్టిస్తూ తరాలకి తరాలు రికార్డు రాస్తూ పెంచింది, ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి ల్యాబ్‌లో చోటు దొరకడమే కష్టం, ఆవిడ పేరు ఫార్మసీ పిల్లలందరికీ తెలియాలని నా కోరిక. ఎందుకింత కష్టం అంటే ఒక ఎలుక ఒకలా ఇంకో ఎలుక ఇంకోలా ఉంటే తేడా మందు వల్ల వచ్చిందా ఎలుక వల్ల వచ్చిందా తేలదు కదా. ఇవాళ్టి ల్యాబ్ ఎలుక రకాల్లో సగానికి పైగా ఆ కాలనీ నుంచి వచ్చినవేనని అంచనా.

ప్రశ్న: నాన్నగారికి చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేశారట. మొన్న మా బాబుని వీధి కుక్క కరిస్తే చేతికే చేస్తున్నారు, అవీ కొన్నే. వీటికి అంత పవర్ ఉండదని నాన్నగారి గొడవ. – ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉంటుందండి, పాతదానికంటే ఎక్కువే ఉంటుంది, నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఆ పాత మందు గొర్రె మెదడు నుంచి తీసేవాళ్లు. బలం తక్కువ కాబట్టి అన్ని పొడవాల్సి వచ్చేది, పైగా అందులోని మెదడు పదార్థం పడక కొందరికి పక్షవాతం వచ్చేది. మన దేశంలో 2004 చివర్లో దాని తయారీ ఆపేశారు.

ఈ మార్పు వెనక కూడా పై జవాబులోని విస్టారే ఉంది. 1957లో కొప్రోవ్‌స్కీ అనే వైరస్‌ల సైంటిస్టు డైరెక్టరుగా వచ్చి ఎలుకల సంస్థని వైరస్‌ల వైపు తిప్పేశాడు. అక్కడే హేఫ్లిక్ అనే సైంటిస్టు మామూలు మనిషి కణాల్ని గాజు సీసాల్లో పెంచి, అవి దాదాపు యాభై సార్లు చీలి ఆగిపోతాయని 1961లో చూపించాడు, మరుసటి ఏడాది డబ్ల్యు.ఐ.–38 అనే కణాలు తయారు చేశాడు. అవి స్వీడన్‌లో చట్టప్రకారం జరిగిన ఒక అబార్షన్ నుంచి వచ్చినవి, ఆ తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు, అది తప్పే, ఎంత మేలు జరిగినా తప్పే. అలాంటి కణాల్లో రేబిస్ వైరస్‌ని పెంచి విస్టార్ వాళ్లు టీకా చేశారు. 1970ల్లో ఇరాన్‌లో పిచ్చి తోడేళ్లూ కుక్కలూ కరిచిన 45 మందికి అది వేస్తే 45 మందీ బతికారు. ఇప్పుడు మన దగ్గర దొరికేవి వేరే కణాల్లో పెంచినవి, కానీ మెదడు వదిలేసి కణాల్లో పెంచే పద్ధతి అదే.

బాబుకి డోసు ఒక్కటి కూడా మానొద్దు. కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి, కారం, సున్నం, పసర్లు రాయొద్దు, రక్తం వచ్చేలా కరిస్తే గాయం దగ్గర సీరం (వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి, డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

ప్రశ్న: లాభం లేకుండా పరిశోధనా సంస్థలు ఎలా నడుస్తాయండీ? – పాఠకుడు, తెనాలి

జవాబు: మూలధనం మీద వడ్డీ, గవర్నమెంటు గ్రాంట్లు, దాతలు, కనిపెట్టినదాన్ని కంపెనీలకి ఇస్తే వచ్చే రాయల్టీ. అవసరాలకి డబ్బు కావాలి, కానీ వచ్చే ఏడాదికల్లా లాభం చూపించమని తొందరపెట్టేవాళ్లు ఉండరు, నా దృష్టిలో అసలు బలం అదే. 1964–65లో అమెరికాలో రుబెల్లా అనే వైరస్ జబ్బు గర్భిణులకి సోకి ఇరవై వేల మంది పిల్లలు చెవుడు, శుక్లాలు, గుండె లోపాలతో పుట్టారు. విస్టార్‌లో ప్లాట్‌కిన్ అనే డాక్టరు ఆ వైరస్‌ని డబ్ల్యు.ఐ.–38 కణాల్లో, మన ఒంటి వేడి కంటే తక్కువగా 30 డిగ్రీల్లో పెంచి బలహీనపరిచి టీకా చేశాడు, అమెరికాలో దానికి పర్మిషన్ వచ్చింది 1979లో, అంతకాలం ఓపిక పట్టారు. 2017 ఆగస్టులో మన స్కూళ్లలో పిల్లలకి వేసిన ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకాలో రుబెల్లా భాగం ఆ విస్టార్ ఆర్.ఏ. 27/3 రకమే. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి ఫ్రీగా వేస్తున్నారు, మీ ఇంట్లో ఎవరికైనా తప్పిపోయి ఉంటే కార్డు తీసుకుని ఏ.ఎన్.ఎం. దగ్గరికి వెళ్లండి.