ప్యాంటు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 28. మంగళగిరి నుంచి బెంజిసర్కిల్ దగ్గరున్న ఆఫీసుకు రోజూ బైకు మీద వెళ్తాను. మార్కెటింగ్ ఉద్యోగం కాబట్టి ఎండాకాలంలోనూ ఫుల్‌హ్యాండ్స్ షర్టు, స్లిమ్‌ఫిట్ ప్యాంటు తప్పవు. ఆఫీసుకు చేరేసరికి షర్టు వీపుకు అతుక్కుపోతోంది. స్టైల్ తగ్గకుండా, చెమట వాసన రాకుండా ఉండాలంటే ఎలాంటి బట్టలు వేసుకోవాలి? అన్నట్టు గజ్జల్లో కొంచెం దురద ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు మూడు నెలలుగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతుంది, మానేస్తే వస్తోంది.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: మీ చివరి రెండు మాటలు చదివాక పైన రాసిందంతా మర్చిపోయాను. రాస్తే తగ్గుతుంది, మానేస్తే వస్తుంది. ఎండాకాలం ఓపీలో ఈ మాట వినని రోజు ఉండదు.

చూడకుండా ఫలానా అని ఖాయంగా చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీరు రాసినదాన్ని బట్టి తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి, అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందేమోనన్నది నా అనుమానం. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరు ఏదైనా ఉందేమో చూడండి. పక్కనే ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కూడా ఉండొచ్చు. అన్నీ కలిపిన కదంబం అన్నమాట.

స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ రెండు మూడు రోజుల్లో అణిచేస్తుంది. ఫంగస్‌ను మాత్రం చంపదు. పైగా దానితో పోరాడే శక్తి ఆ చర్మానికి తగ్గిపోతుంది. పైకి సద్దుమణిగినట్టే ఉండి, మచ్చ మెల్లగా తొడలకీ పిరుదులకీ పాకుతుంది. గుండ్రంగా అంచు కట్టి కనిపించాల్సింది రూపు మారిపోయి, ఒక్కోసారి మేమే పోల్చుకోలేం. గజ్జల్లో చర్మం పలచన, మందు ఎక్కువగా ఇంకుతుంది. నెలల తరబడి రాస్తే అక్కడ చారలు పడతాయి. మొన్న మీ వయసు కుర్రాడే ఒకడు క్యారీబ్యాగు తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. ఏడు ట్యూబులు, అన్నీ చివరిదాకా చుట్టి పిండినవే. దురద సరే, ఈ చారలు పోవడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. అవి పూర్తిగా పోవు.

డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఈ క్రీముల నిబంధనలు బిగించింది. షాపువాళ్లను అని ఏం లాభం, ‘దురదకి ఏదైనా ఇవ్వండి’ అని చెయ్యి చాపేది మనమే కదా! చోటు చెప్పడానికి మొహమాటం అంటారు. మేం రోజూ చూసేదే బాబూ, మూడు నెలలు దాచుకోవాల్సినంత రహస్యం కాదు.

ఆ ట్యూబు ఆపి, ఈ వారంలోనే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఖాళీదైనా సరే ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఆపాక కొన్నాళ్లు దురద రెచ్చిపోవచ్చు, అప్పుడు మళ్లీ దాని జోలికి వెళ్లొద్దు. పొలుసు కొంచెం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే చాలావరకు తేలిపోతుంది. తామరే అయితే మందు వారాల తరబడి వాడాలి. దురద పోయిందని మీ అంతట మీరు మానేస్తే కథ మొదటికొస్తుంది. ఫ్రెండు వాడిన మాత్రలు మాత్రం మింగకండి. వాటిలో కొన్నింటికి లివర్ పరీక్ష అవసరం పడొచ్చు, కొన్ని ఇతర మందులతో పడవు. షుగర్ కూడా ఒకసారి చూపించుకోండి. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటుంటే వాళ్లకీ వైద్యం జరగాలి, తువ్వాలు ఎవరిది వాళ్లదే. మొలతాడు ఉంటే ప్రస్తుతానికి తీసేయండి, చెమట పట్టిన తాడు ఆరదు. అమ్మ ఒప్పుకోకపోతే డాక్టరు చెప్పాడనండి.

ఇక మీరు అడిగింది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో అది అంత తేలిగ్గా ఆరదు, అందులోనూ పాలిస్టర్ గుడ్డ చెమటను పీల్చుకోదు. మగ్గాల ఊళ్లో ఉంటూ కాటన్ గురించి నన్ను అడుగుతున్నారు! మంగళగిరి కాటన్‌లో లేత రంగు గుడ్డ కొని ఒంటికి అతుక్కోకుండా షర్టు కుట్టించుకోండి, ఏ మీటింగుకైనా హుందాగా ఉంటుంది. బైకు మీద ఒకటి వేసుకెళ్లి, ఆఫీసులో తుడుచుకుని రెండోది మార్చుకోండి. లోపలివి కాటన్‌వే, వదులుగా, రోజూ ఉతికినవి. తిరగేసి ఎండలో ఆరేయండి. ప్యాంటు కొనేటప్పుడు ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి మురిసిపోకుండా ఒకసారి గొంతుకూర్చుని చూడండి. తొడల దగ్గర పట్టేస్తే అది మీ సైజు కాదు. బాడీ స్ప్రే చంకల వరకే. గజ్జల్లో కొట్టకండి.